మీటరు టేపు

సండర్లాండ్ లైబ్రరీలో, మంగళవారం, వాన.
ఫర్నిచర్ షాపులో ఊరికే ఇచ్చే కాగితం టేపులు
తలా ఒకటి పంచింది బ్రోనా.
"సెంటీమీటరుకో ఏడాది" అంది.
కత్తెరలు మాత్రం రెండే.

ఎనభై మూడు దగ్గర ఒక దేశాన్ని కత్తిరించాం.
అరవై దగ్గర ఇంకో దేశాన్ని.
యాభై నాలుగు మీద హోదాన్ వేలు ఆగింది:
"మా అమ్మ ఇక్కడిదాకా నడిచింది."
ఓడల యార్డు హెదరింగ్టన్ ముసలాయన
డెబ్భై మీద గోటితో గీటు పెట్టి
"మా వీధిలో ఇది దాటినవాళ్ళు తక్కువ" అని దగ్గాడు.

చివర్లో బ్రోనా ఇంకొకటి తీసి
ఆరు దగ్గర కత్తిరించింది.
ఏ ఊళ్ళో నర్సుగా ఉన్నప్పుడో చెప్పలేదు.

బల్ల కింద ముక్కలేరుతున్న హోదాన్ కూతురు అడిగింది:
"ఈ మిగిలినవి ఎవరివి?"

మా భాషలో
విరేచనాలతో పోయిన పసిదానిక్కూడా
నూరేళ్ళు నిండాయనే అంటాం.
ఎంత దయ ఆ మాటకి!
కత్తెర ఎవరిదని అడగనివ్వదు.

వచ్చేటప్పుడు ఆ పిల్ల
ఓ ముక్క నా చేతిలో పెట్టింది.
బస్సు లైటులో చూశాను.
ఏడు నుంచి నూరు దాకా.
ఎన్ని మడతలు పెట్టినా
జేబులో పట్టదే.