గుడ్ల అర

పన్నెండేళ్లుగా నా పని చలి తయారుచేయడం.
పాలకొల్లు దాటాక నరసాపురం రోడ్డులో
కాలవ గట్టునే మా ఐసు ఫ్యాక్టరీ.
ఉప్పునీటి తొట్లలో డబ్బాలు దించుతాను,
తెల్లారగట్ల దిమ్మలు పైకి లాగుతాను,
బయట రొయ్యల లారీలు కాసుకుని ఉంటాయి.
నా చొక్కా ఎన్నిసార్లు ఉతికినా అమ్మోనియా వాసనే.
అయినా మా ఇంట్లో చల్లనిదంటూ ఉంటే
ఒక్క మంచినీళ్ల కుండ.

వరహాలుకి సుగరు.
పూటకో సూది.
ఆ మందు సీసా రెండేళ్లుగా
మేడ మీద టీచరుగారి ఫ్రిజ్‌లో,
గుడ్ల అరలో, మూడో గుంటలో.
పొద్దున్న ఆరింటికోసారి, దీపాలవేళ ఇంకోసారి
మెట్లెక్కి రెండుసార్లు మెల్లిగా తలుపు తడుతుంది.
టీచరుగారు ఏనాడూ విసుక్కోలేదు.
విసుక్కోని మనిషి తలుపు తట్టడమే మరీ కష్టమండి.
వాళ్లు తిరపతి వెళ్లిన నాలుగు రోజులూ
తువ్వాల్లో ఐసుముక్క చుట్టి తెచ్చి
ఫ్లాస్కులో సీసా నిలబెట్టాను.
గడ్డకడితే మందు చచ్చిపోతుందట.
రాత్రికి మూడుసార్లు లేచి చూశాను,
దిమ్మలు గడ్డకట్టించే ఈ చేతులతోనే.

బోనసు వచ్చింది. షోరూముకి వెళ్లాం.

"ఇలా రండి బాబాయ్‌గారూ" అన్నాడు కుర్రాడు.
నాలుగు తలుపులది, బీరువాకి అన్నయ్యలా ఉంది.
"అద్దం తలుపండి. రెండుసార్లు తట్టారంటే
తెరవకుండానే లోపల లైటు వెలుగుతుంది, ఆయ్."
వరహాలు తట్టింది,
మేడమీద తట్టినట్టే.
వెలగలేదు.
"గట్టిగా కొట్టాలమ్మా" అన్నాడు.

రెండు లక్షల ముప్పై వేలు.
నాకు దిమ్మకి నాలుగు రూపాయలు, నా లెక్కలన్నీ దిమ్మల్లోనే.
యాభై ఏడు వేల ఐదొందల దిమ్మలు.
అంత ఐసు నరసాపురం రేవులో దింపితే
పంటు ఎక్కకుండా సఖినేటిపల్లి నడిచిపోవచ్చు.

అందరూ ముందు తలుపు చూస్తారు,
నేను వెనక్కి వెళ్లి చూస్తాను.
అక్కడ ఏ ఫ్రిజ్జయినా మా ఫ్యాక్టరీ పిల్లే:
ఓ కంప్రెసరు, ఓ చుట్ట గొట్టం, కాస్త దుమ్ము.
పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి
మూసి లాగాను. రాలేదు, రబ్బరు గట్టిదే.
మూలనున్న ఒంటి తలుపుదాన్లో పెట్టి లాగాను.
రాలేదు.
నోటుకి రెండిటికీ తేడా తెలీలేదు.

మూలది ఎర్రది, తలుపు మీద పువ్వులు.
లారీలో దెబ్బతిని ఎడంపక్క సొట్ట.
సొట్టకి పోను పదమూడు వేల రెండొందలు.
"అది గోడవైపు పోతుందిలే" అన్నాను.
వరహాలు ఇంకా పెద్దదాని ముందే ఉంది.
"నిలువునా కనబడుతున్నాను చూడు,
ఈ చీర కుచ్చిళ్లు ఇలా ఉంటాయా" అంది.
మా ఇంట్లో అద్దం అరచేతంత.
ఆ మాటకి జవాబు నా లెక్కలో లేదు.

ట్రాలీ ఆటోలో దాన్ని పడుకోబెట్టకూడదని
కాలవ వంతెన ఎక్కి దిగేదాకా కౌగిలించుకుని నిలబడ్డాను.
ఎవరో ఈల వేశారు.
ఇంటికొచ్చాక నాలుగు గంటలు ఆగాలన్నాను, నూనె కుదురుకోవాలి.
పది నిమిషాలకోసారి అడిగింది, "కుదురుకుందా?"

సాయంత్రం సీసా తెచ్చుకోవడానికి మేడెక్కింది.
టీచరుగారు సీసాతో పాటు రెండు గుడ్లు చేతిలో పెట్టారట,
కొత్త ఫ్రిజ్ ఖాళీగా ఉండకూడదని.
"రేపట్నుంచి రావన్నమాట" అన్నారట.
దానికి ఏమన్నావంటే చెప్పలేదు.

రాత్రంతా మూలన గుయ్‌మంటూనే ఉంది.
డ్యూటీ దిగినా ఇంటిదాకా వెంటొచ్చిన చప్పుడు.
నాకు ఒళ్లెరగని నిద్ర పట్టింది.

ఆరింటికి కళ్లు తెరిచేసరికి
వరహాలు వాకిట్లో, మొదటి మెట్టు మీద ఒక కాలు.
పైన టీచరుగారి గడియ తీసిన చప్పుడు.
ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నారు కాబోలు,
నవ్వు వినబడింది.

తిరిగొచ్చి, కొంగుతో చేయి తుడుచుకుని,
పువ్వుల తలుపు మీద
మెల్లిగా రెండుసార్లు తట్టి
తెరిచింది.