గడియ

గురువారం ఓపీ, ఫర్వానియా, మూడో అంతస్తు.
నా ఉద్యోగం నేల తుడవడం.
తెలుగు మనిషి వస్తే మాత్రం
కర్ర గోడకి ఆనించి దుబాసీనవుతాను.

ఈజిప్టు డాక్టరు మంచివాడే.
బయట నలభై రెండు ఫైళ్ళు.
ఒక్కటే అడుగుతాడు: నోమ్?
నోమ్ అంటే వాళ్ళ భాషలో నిద్ర.
మా రాజోలు వైపు నోము వేరే.
అయినా రెంటికీ ఒకటే మాట, పట్టాలి.
నోచుకున్నవాళ్ళకే పడుతుంది.

తుడుస్తూ తుడుస్తూ చీటీలు చదవడం వచ్చేసింది.
డ్రైవరైతే సగం మాత్ర, స్టీరింగు మీద తూలకుండా.
పరంజా ఎక్కేవాళ్ళకి రాత్రిపూట ఒకటి,
మూణ్ణెల్లకి సరిపడా ఒకేసారి,
కంపెనీ వ్యాను మళ్ళీ మళ్ళీ తీసుకురాదు.
ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకి తెల్లది, పసుపుది.
గుండెల్లో కుంపటి అన్నాడొక కరీంనగరాయన.
నేను మంట అని చెప్పాను.
అతనికి గ్యాసు మాత్ర కూడా రాశారు.

పోయిన నెల సువార్తమ్మ వచ్చింది.
మేడం బయట ఫోన్లో ఉంది.
నిద్ర పడుతోందా అని అడిగాను.
"పట్టక కాదు, నేనే పోవట్లేదు.
నా గది తలుపుకి గడియ లేదు" అంది,
బరువు చూసే మిషను వైపు చూస్తూ.

గడియని అరబ్బీలో ఏమంటారో నాకు తెలీదు.
తలుపు తెలుసు. లేదు తెలుసు.
తలుపు లేదంటే ఏమనుకుంటాడో.
ఆయనకేమో గడియ తీరిక లేదు,
కలం అప్పటికే కాగితం మీదుంది.
నోమ్ మాఫీ, అనేశాను.
సగం మాత్ర ఒకటయ్యింది.

చీటీ మడిచి జాకెట్లో దోపుకుంటూ
"చెప్పావా?" అంది.
చెప్పానన్నాను.

ఆ మాత్ర సంగతి నాకు తెలుసు.
వేసుకున్నవాళ్ళు పిలిచినా లేవరు.

మర్నాడు హసావీలో ఇనపసామాన్ల కొట్టుకెళ్ళి
వేలు గాల్లో ఇటూ అటూ జరిపి చూపించాను.
తర్బాస్, అన్నాడు కొట్టువాడు.
ముప్పావు దీనారు.
నాలుగు మరమేకులు ఊరికే ఇచ్చాడు.

ఆమె తారీఖు వచ్చే గురువారం.
తర్బాస్, తర్బాస్ అనుకుంటూ మెట్లు తుడుస్తున్నాను.
యాప్రాన్ జేబులో అది
వంగినప్పుడల్లా మేకులతో కొట్టుకుంటోంది.
ఏంటా చప్పుడని
ఎవరైనా అడిగితే బావుణ్ణు.