తొక్కిన పాదాలు

అమ్మ కాలిగోళ్ళు తీస్తున్నాను.
కత్తెరకు లొంగడం లేదు, నానబెట్టాను
నీలం ప్లాస్టిక్ తొట్టిలో, గోరువెచ్చని నీళ్ళలో.
ఎల్ ఆల్తోలో మూడో అంతస్తు. కిటికీ బయట వ్యాన్ల అరుపులు.

"నీ పేరేంటమ్మాయ్?"
"బాసిలియా."
"మా అమ్మాయి పేరూ అదే. మొండిఘటం."

మొండిదాన్నే.
జూన్ నెల, మూడు రాత్రుల మంచుకు రాళ్ళయిన బంగాళాదుంపలు
పొద్దెక్కి మెత్తబడుతుంటే
చెప్పులు విప్పనని కూర్చున్నాను.
అమ్మ ఒక్క మాటా అనలేదు.
పావడా ఎగదోపి కుప్ప మీదికెక్కింది.
తొక్కలు ఊడిపోయేలా,
దుంపలోని నీరంతా ఓడిపోయేలా
తొక్కింది, తొక్కింది,
పాదాలు బీట్‌రూట్ రంగుకు తిరిగేదాకా.
లామా పిడకల మంట దగ్గర మాత్రం
ముందు నా కాళ్ళే కాచింది.

ఆ దుంపలు ఎండి నల్లగా, బెండులా తేలిపోయేవి.
ఒక మూట నా బడి.
రెండు మూటలు నా కుట్టుమిషను.
ఈ లెక్క అమ్మ చెప్పలేదు.
సంతలో దుంపలు కొనే ఎవరిస్తా చెప్పింది,
నాకు ముప్ఫై దాటాక, బేరం మధ్యలో.

మడమ పగుళ్ళలో ఇంకా నల్లటి గీతలు.
బ్రష్షుతో రుద్దాను. పోలేదు.
ఊరుకున్నాను.

నీళ్ళలో ఆమె పాదాలు కదులుతున్నాయి,
ఎడమ, కుడి, ఎడమ.
గచ్చంతా తడి.
"మంచు పట్టిందా?" అంది.
"ఇంకో రాత్రి పట్టేలా ఉందమ్మా."

చెప్పులు విప్పి
నా కాళ్ళూ తొట్టిలో పెట్టాను.
చోటు చాల్లేదు.
"కాస్త జరుగు" అంది.