మృతులు: ఒకరు

పదిన్నరకి సైరన్ కూసింది
మంగమారిపేటలో.
తొట్లకొండ వైపు చూపే బాణానికి
పెయింటింకా ఆరలేదు.

పిల్లలు నవ్వుతూ పరిగెత్తారు,
వెనకాల ఈలేసుకుంటూ డ్రిల్లు మాస్టారు.
గరికిన దేవుడమ్మ మాత్రం
నెత్తళ్ళ పరజా దగ్గరే కూచుంది.
కాకులు సైరన్‌కి బెదరవు.

స్టాప్‌వాచీ నొక్కి
గుమస్తా రాసుకున్నాడు:
మృతులు, ఒకరు.

"నాను సచ్చిపోనానేటి బాబూ?"
"లెక్కకేలే అమ్మా."
"అయితే సచ్చినోల్ల సరుక్కి బేరమాడకు.
కిలో మూడొందలు."

అరకిలో పొట్లంతో
జీపు వెళ్ళిపోయింది.

ఆ రాత్రి,
ఎవరి చేతిలోనూ వాచీ లేనప్పుడు,
మనవణ్ణి చంకనేసుకుని
కొండదారిలో దేవుడమ్మ
అడుగులు లెక్కపెడుతోంది.
నాలుగొందల దగ్గర ఊపిరందలేదు.
కిందికి దిగింది.
మళ్ళీ, ఒకటి.