నూటికి నలుగురు

ఫర్వానియా ఆసుపత్రి, ఏడో నంబరు గది.
డాక్టరమ్మ అరబ్బీలో చెప్పింది,
నర్సు సలోమి తెలుగులోకి దించింది:
"ఈ తెల్లమచ్చ ఉండేవాళ్లలో
నూటికి నలుగురికి క్యాన్సరు రావచ్చంట, ఓబుళమ్మక్కా."

పదకొండేండ్ల దురద.
పేరు పెట్టి చెప్పలేని చోటు.
ఫోన్లో చెల్లెలికి "బాగుండాను" అనే మాట కింద
దాక్కున్న చోటు.

"నేను ఆ నలుగుర్లో ఉండానా?"
సలోమి అరబ్బీలో అడగకముందే
డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.
ముక్క తీసి చూస్తారంట.
పూత మానకూడదంట.
ఆర్నెల్లకోసారి రావాలంట,
అప్పటికి అకామా ఉంటాదో లేదో.

ఆ రాత్రి మేడం చుట్టాలకి నూరు రొట్టెలు కాల్చినాను.
నాలుగో ఐదో మాడినాయి.
ఏది మాడేదీ
ముద్ద చేసేటప్పుడు నాకేం తెలుసు?
నేను అటు చూడనివే మాడినాయి.

బాత్రూము గడియ పెట్టి
పౌడరు డబ్బా అద్దం కిందికి పట్టినాను,
నలభై నాలుగేండ్లకి మొదటిసారి.
ఉల్లిపొర మాదిరి తెలుపు.
ఎడమపక్క, గోరంత గరుకు.
ఇది నిన్నటిదా, ఏండ్లనాటిదా?

బయట మేడం పిలస్తా ఉంది.
"వస్తా ఉండా" అన్నాను,
అద్దం దించకుండానే.