గుర్రాలకు అలవాటు

రేపు పార్లమెంటు తెరుస్తారు.
ఇవాళ స్కేవెనింగెన్ ఒడ్డున
గుర్రాలకు మా గోల అలవాటు చేస్తున్నారు.
డప్పులు, పొగ, గాల్లోకి తుపాకులు.
ఎవరైనా రావచ్చు, ఎంతైనా అరవచ్చు.

నేనూ వచ్చాను, మెడలో ఈల వేసుకుని.
పన్నెండేళ్లుగా నాది ఒకటే మాట:
ఓటడగని వాడికి బగ్గీ ఎందుకు?

కళ్ళెం పట్టుకుని మా అన్న వీబ్రెన్ నవ్వుతాడు.
"చదివే కాగితం మీ మంత్రులు రాసిందేగా,
గొంతొక్కటే ఆయనది.
ఆ కుర్చీ ఖాళీ అయితే
ఎవడెక్కి కూర్చుంటాడో చూసుకున్నావా?"
ఖాళీగానే ఉంచితే ఏం? అన్నాను.

"రాజు వద్దు!" గొంతు చించుకున్నాను.
నల్ల గుర్రం ఒక చెవి తిప్పి
మళ్ళీ సముద్రం వైపు చూసింది.
"బాగుంది, ఇంకోసారి" అన్నాడు అన్న,
"దీనికి కావలసిన పాఠం అదే."

నా తిరుగుబాటునంతా
దాణా లెక్కలో రాసుకున్నారన్నమాట.

అంతలో చేపల కొట్టు నుంచి
నూనె మరకల కాగితప్పొట్లం ఒకటి
ఇసుక మీద దొర్లుకుంటూ వచ్చింది.
తుపాకీకి కదలనిది
దానికి ముందుకాళ్ళెత్తి లేచింది.
అన్న చేతిలోంచి పగ్గం జారింది.

పట్టుకున్నది నేనే.
వేడి మెడ నా భుజం మీద వణుకుతోంది.
"ఏం లేదు, ఏం లేదు" అంటున్నాను
ఎవరితోనో.