ఒత్తు

ఎలుకలు వైర్లు కొరుకుతున్నయని
మిర్యాలగూడ అవతల ఆ రైస్ మిల్లుల
వైరే లేని తెర పెట్టమన్నరు.
గోడకు తగిలిస్తే అద్దం లెక్క,
చేతిల పట్టుకుంటే బడిపలక లెక్క.

మొదటి పూటంత సిగ్నల్ తోనే పోయింది.
రిసీవర్ బాయిలర్ పక్కన పెడితే
రేకుల షెడ్డు దాన్ని మింగింది.
ఎలివేటర్ కాడికి మార్చిన, ఊకదుమ్ము.
ఆఖరికి కాటా గది చూరుకు
గోనెసంచి పేలికతో కట్టిన.
మూడు గీతలు వెలిగినయి.
ఏ కంపెనీ పుస్తకంల లేదు ఈ ముడి.

రెండో పూట మీటల పేర్లు.
"తెలుగుల రాయి బిడ్డా,
ఇంగిలీసు చూస్తే నాకు గుబులు"
అన్నది సైదమ్మ.
ఇరవై రెండేండ్లుగ ఆవిరి వాల్వు తిప్పుతున్న మనిషి.
స్టీమ్ అని కొట్టిన.
స్‌టీమ్ అని పడ్డది,
స కింద ఉండవలసిన ట
జారి పక్కన నిలబడ్డది.
ఈ తెరకు తెలుగు వచ్చు,
ఒత్తు రాదు.

ఇగ బస్తాల మీద కూసున్నం ఇద్దరం,
ఒత్తు లేని మాటలు ఏరుకుంట,
బియ్యంల రాళ్ళు ఏరినట్టు.
స్టార్ట్ వద్దు, షురూ.
నీళ్ళు వద్దు, నీరు.
"మా దిక్కు నీరనరు గని, కానియ్యి."
వడ్లు పోయినయి, గింజ ఉన్నది.
ఉడుకు. మంట. ఊక. ఆపు.
మిల్లు అనే మాటే పట్టలే,
"మర అను" అన్నది, వాళ్ళ తాత మాట.
డ్రయ్యర్ కాడ చాలాసేపు ఆగి
"ఆరబోత" అన్నది,
ఎండల కల్లం కనబడ్డట్టు కండ్లు చిన్నగ చేసి.

ఎవరెవరు తాకవచ్చునో
వాళ్ళ పేర్లు గూడ నింపాలె.
సేటు సక్కగ వచ్చిండు.
హమాలీ సక్కగ వచ్చిండు.
గుమస్తా నడుమ ఇరిగిండు.
లింగయ్య, ముత్యాలు, ఎంకటమ్మ, ఎవరు మిగలలే.
ముప్పై మందిల సైదులు ఒక్కడే
సాబూతుగ నిలబడి ఇకిలిస్తున్నడు.
ఆమె పేరు కొట్టిన.
సైదమ్‌మ.
మొఖం దగ్గరికి పెట్టి చూసింది.
"అమ్మ లేదు, అయ్య లేడు,
యాడ దొరికిందయ్యా నీకు గీ తెర?"
నేను సర్ది చెప్పబోతే
"ఉండనియ్యి. రేషన్ కార్డుల గూడ నా పేరు తప్పే."

మూడో పూట ఆమె చేత తాకించిన.
వేలు పెట్టింది. ఉలకలే.
బలంగ ఒత్తింది.
"ఒత్తకు సైదమ్మా, తాకితే చాలు."
తాకింది. పలకలే.
కాలే వాల్వు చక్రం తిప్పి తిప్పి
వేలికొసలు రాయి అయినయి,
ఆ తోలు కింద మనిషి ఉన్నట్టు
అద్దానికి తెలుస్త లేదు.
సెన్సిటివిటీ పెంచిన.
పెంచితే ఊక రేణువు వాలినా షురూ అంటది.
తగ్గించిన. మళ్ళ పెంచిన.
నన్నూ తెరనూ కాసేపు చూసి
నోట్లు లెక్కవెట్టేటప్పుడు చేసినట్టే
వేలు నాలికకు తాకిచ్చి పెట్టింది.
ఆవిరి అన్న మీట పచ్చగ వెలిగింది.

ఆవిరికి పద్దెనిమిది నిమిషాలు రాసి వచ్చిన.
కంపెనీ లెక్క అది.
రాత్రి నల్లగొండ బస్సుల, తిప్పర్తి దాటినంక
ఫోను మోగింది, పానెల్ పంపిన కబురు:
పద్నాలుగో నిమిషం. ఆపు. సైదమ్‌మ.
ఫోన్ చేసిన. ఎనక బాయిలర్ బుసలు.
"ఏమన్న చెడిందా?"
"చెడితే నువ్వు బస్సు దిగుతవా?
వాసన మారింది. గింజ కొరికి చూసిన, అయింది.
నీ తెరకు ముక్కు పెట్టలే గద."

మోకాళ్ళ మీద ల్యాప్‌టాప్ తెరిచి
పద్దెనిమిది కొట్టేసి పద్నాలుగు రాసిన.
ఎందుకు మార్చినవు అని అడిగే గడి ఒకటి ఉంటది,
ఎప్పుడూ ఖాళీగనే ఇడుస్త.
అండ్ల ఆమె పేరు కొట్టిన.
బస్సు గుంతల ఎగిరింది, అయినా
మ కింద మ
సక్కగ వచ్చి కూసున్నది.